మైకులో మాట, పక్కన బొమ్మ: నస్పూర్‌లో మేం చేసిన లైవ్ స్కెచ్, అందులో నేను చేసిన తప్పు

ముందు స్క్రీన్ మీద ఉన్న ఈ ఫోటో చూడండి. తెల్ల బోర్డు మీద నల్ల మార్కర్‌తో గీసిన బొమ్మ. ఒక బొగ్గుబాయి కార్మికుడు. తలకు టోపీ, టోపీకి ల్యాంపు, చేతిలో పొడుగు గడ్డపార. పైన రాతికప్పు, అందులో ఒక పగులు. మనిషి సరిగ్గా ఆ పగులు కింద నిలబడి గడ్డపారతో పైకి పొడుస్తున్నాడు. బొమ్మ బాగుంది కదా? నాక్కూడా అట్లనే అనిపించింది. వెంటనే ఫోటో తీసి స్టేటస్ పెట్టేశా.

ఈ బొమ్మలో ఉన్నట్టు ఎవరైనా నిజంగా బాయిల చేస్తే ప్రాణం పోతుంది. అందుకే ఇప్పుడు మీకు చూపిస్తున్న ఫోటో మీద అడ్డంగా ఎర్ర గీత కొట్టి పెట్టాను. గీత మనిషి ఒంటి మీద నుంచే పోయేట్టు కొట్టా. మీరు స్క్రీన్‌షాట్ తీసినా, క్రాప్ చేసినా అది పోదు. ఆ గీత అక్కడే ఎందుకుండాలో నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇవాళ్టి ఎపిసోడ్ దాని గురించే. ఎవరైనా స్టేజీ మీద మాట్లాడుతుంటే పక్కన ఆర్టిస్టు లైవ్‌గా బొమ్మలు గీయడం, అది ఎట్లా పనిచేస్తుంది, ఎక్కడ దెబ్బ తింటుంది, మీ కాలేజీలోనో ఊర్లోనో చేయాలంటే ఏం చూసుకోవాలి.

మొదటి నుంచి చెప్తా. పోయిన చలికాలం మేం కొంతమంది ఫ్రెండ్స్ కలిసి నస్పూర్‌లో ఒక చిన్న మీటింగ్ పెట్టాం. పెద్ద ఈవెంటేం కాదు. ఒక హాలు, అద్దె మైకు, ప్లాస్టిక్ కుర్చీలు, ఛాయ్. ముగ్గురు మాట్లాడాలి, ఒక్కొక్కరికి 20 నిమిషాలు. మొదటి మాట ఒక రిటైర్డ్ ఓవర్‌మెన్ సార్‌ది. మన బెల్టు బయటి వాళ్ళ కోసం చెప్తున్నా, ఓవర్‌మెన్ అంటే అండర్‌గ్రౌండ్ గనిలో షిఫ్టు పనీ సేఫ్టీ రెండూ చూసుకునే సూపర్‌వైజర్. ఆయన కింద మైనింగ్ సర్దార్లు ఉంటారు. సార్ టాపిక్ గని పైకప్పు. కప్పు కూలేముందు ఏం సంకేతాలు ఇస్తుంది, మనిషి ఎక్కడ నిలబడాలి, ఎక్కడ నిలబడొద్దు.

ఈ టాపిక్ ఎందుకు పెట్టామంటే, మా శ్రీరాంపూర్ ఏరియాలో ఇంటికొకరు బాయి పనికి పోయినవాళ్ళే. మా బాపు కూడా. కానీ మా వయసు పిల్లల్లో చాలామందికి ల్యాంప్ రూమ్ దాటి లోపల ఏముంటుందో తెలియదు. మేం చూసిందల్లా షిఫ్టు సైరను, నల్లబడ్డ బట్టలు, ఇంటికొచ్చి ఏం మాట్లాడకుండా పడుకునే నాన్నలు. సార్ చెప్పేది కళ్ళ ముందు కనపడాలి. గని లోపల ఫోటో తీసి స్లైడ్ పెడదామంటే కుదరదు, అండర్‌గ్రౌండ్‌లోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. మీథేన్ ఉండే చోట మామూలు ఎలక్ట్రానిక్ వస్తువు నిప్పురవ్వతో సమానం. అందుకే బొమ్మలు గీయిద్దామనుకున్నాం. మంచిర్యాలలో ఫైన్ ఆర్ట్స్ చదివే ఒక చెల్లె ఒప్పుకుంది. ముఖం చూసి రెండు నిమిషాల్లో గీసేస్తుంది, చేతి వేగం అంత. నేను అంతే చూశా. చేయి చూశాను, చెవి సంగతి ఆలోచించలేదు.

సార్ మొదలుపెట్టారు. కప్పును కర్రతోనో రాడ్‌తోనో తట్టి చూస్తారట. గట్టి కప్పయితే ఖంగుమని మోగుతుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్ల శబ్దం వస్తుంది. చెల్లె చకచకా ఒక చెయ్యి, ఒక రాడ్, రెండు రకాల శబ్దపు గీతలు గీసింది. ఒకటి గంట లాగ, ఒకటి పగిలిన కుండ లాగ. హాల్లో నవ్వులు. భలే కుదిరింది. తర్వాత గ్రీన్ రూఫ్ గురించి చెప్పారు. బొగ్గు తీసేసినంక కొత్తగా బయటపడ్డ కప్పు, ఇంకా సపోర్టు పెట్టనిది. దాని కిందికి ఊరికే పోకూడదు. అదీ బాగానే గీసింది.

ఆ తర్వాత వచ్చిన వాక్యం ఇది. దాదాపు ఇట్లనే అన్నారు: "పగులిచ్చిన రాయి కిందనే నిలబడి, గడ్డపార నిటారుగా ఎత్తి, రాయిని కింద పడగొట్టే పని..." ఇక్కడ సార్ ఆగారు. మంచినీళ్ళు తాగారు. గ్లాసు కింద పెట్టి, "...ఎన్నడూ చెయ్యొద్దు" అన్నారు.

సార్ నీళ్ళు తాగే లోపు బోర్డు మీద మనిషి వచ్చేశాడు. పగులు కింద నిలబడ్డాడు, గడ్డపార ఎత్తాడు. నేను ఫోన్ తీసి క్లిక్ అనిపించా. స్టేటస్. "మన బాయి, మన బొమ్మ" అని క్యాప్షన్ కూడా.

వెనక వరుసలో ఒక పెద్దాయన లేచాడు. నెమ్మదిగా అన్నాడు, "బిడ్డా, బొమ్మ మంచిగుంది. కానీ ఆ మనిషి సచ్చిపోతడు."

హాలు మొత్తం చప్పుడు లేదు. చెల్లె మార్కర్ పట్టుకుని అట్లనే నిలబడిపోయింది. ఓవర్‌మెన్ సార్ వెనక్కి తిరిగి బోర్డు అప్పుడే మొదటిసారి చూశారు. ఆయన వీపు వెనక పెట్టాం కదా బోర్డు, చూసే చాన్సే లేదు. అది నా తప్పు నంబర్ రెండు. సార్ ఏం కోప్పడలేదు. పెద్దాయన్ని ముందుకు పిలిచారు, "ఎక్కడ నిలబడాల్నో నువ్వే చూపియ్యి" అన్నారు. పెద్దాయన బోర్డు దగ్గరికొచ్చి వేలితో చూపించాడు. ఇప్పటికే సపోర్టు ఉన్న కప్పు కింద నిలబడాలి. పొడుగు గడ్డపార ముందుకు, ఏటవాలుగా చాపాలి. రాయి పడితే మన ముందు పడాలి, మన మీద కాదు. వెనక్కి జరిగే దారి ఖాళీగా ఉండాలి. చెల్లె మొదటి మనిషి మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన కొత్త మనిషిని గీసింది. రెండడుగులు వెనక, సపోర్టు కింద. పెద్దాయన చూసి, "గడ్డపార ఇంకింత పొడుగు పెట్టు" అన్నాడు. పెట్టింది. చప్పట్లు.

నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం మొత్తంలో జనాలకి గుర్తున్నది ఆ ఐదు నిమిషాలే. రెండో స్పీకర్ బ్యాంకు పరీక్షల గురించి బాగానే మాట్లాడారు. మూడోది నాదే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వీడియోలు ఎందుకు మొదలుపెట్టానని. అది ఎవరికీ గుర్తులేదు, అప్పటికి నల్ల మార్కర్ కూడా అయిపోయింది.

ఇంటికొచ్చి నేను చూసిందేంటంటే, స్టేటస్‌లో మొదటి ఫోటో, గీత కొట్టకముందుది, అట్లనే ఉంది. తీసేశా. అప్పటికే 200 మందికి పైగా చూశారు. ఎంతమంది సేవ్ చేశారో వాట్సాప్ చెప్పదు. కోడ్ రాసేవాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, రివ్యూ లేకుండా నేరుగా ప్రొడక్షన్‌లోకి తోసేశా. అక్కడైతే రోల్‌బ్యాక్ ఉంటుంది. ఫార్వర్డ్ అయిన ఫోటోకి రోల్‌బ్యాక్ లేదు.

సరే, తప్పు ఎక్కడ జరిగింది? మొదట అందరూ ఆర్టిస్టుది అన్నారు. నేను ఆ రికార్డింగ్ నాలుగుసార్లు విన్నాను. తప్పు ఆమెది కాదు. మన తెలుగు వాక్యం తీరే అంత. తెలుగులో క్రియ చివరికి వస్తుంది, "వద్దు" కూడా దాంతోపాటే చివరికి వస్తుంది. "ఇట్లా నిలబడి, ఇట్లా ఎత్తి, ఇట్లా కొట్టి" అని మొత్తం సీను కట్టేసి, లాస్ట్‌కి ఒక్క ముక్కలో దాన్ని తలకిందులు చేస్తాం. వినేవాడికి ప్రాబ్లం లేదు, వాడు చివరిదాకా వింటాడు. గీసేవాళ్ళకి మాత్రం వాక్యం సగంలోనే బొమ్మ రెడీ. ఇంగ్లీషులో "నెవర్" ముందే వచ్చేస్తుంది, అందుకే ఇంగ్లీషు టాక్స్‌కి గీసేవాళ్ళకి ఈ ఇబ్బంది తక్కువ. ఒక భాష నుంచి ఇంకో భాషకి అక్కడికక్కడే అనువదించి చెప్పేవాళ్ళకి కూడా జర్మన్, జపనీస్ లాంటి భాషలతో ఇదే గొడవ. క్రియ చివర్లో వస్తుంది కాబట్టి దానికోసం ఆగాలి, లేదా ఊహించి ముందుకు పోవాలి. ఊహించి పోతే ఒక్కోసారి మా చెల్లెకు అయినట్టే అవుతుంది.

దీనికి తోడు ఇంకో సంగతి. బొమ్మకి "కాదు" అనే మాట రాదు. "కుక్క లేదు" అని బొమ్మ గీయండి చూద్దాం. కుక్కను గీసి కొట్టేయాల్సిందే. ఆ కొట్టేత గీత ఒక్కటే "కాదు" అని చెప్పేది. అది పడకముందు ఫోటో తీస్తే ఆ బొమ్మ "ఉంది" అనే చెప్తుంది.

ఇక్కడ కాస్త వెనక్కి పోదాం, ఈ పద్ధతి ఎక్కడిది అని. దీన్ని గ్రాఫిక్ రికార్డింగ్ అంటారు, లైవ్ స్క్రైబింగ్ అని కూడా అంటారు. 1970లలో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో వైపు మీటింగుల్లో గోడకు పొడుగాటి పేపరు అంటించి, జనం మాట్లాడేది అందరి ముందే బొమ్మలుగా, ముక్కలుగా రాసే అలవాటు మొదలైంది. డేవిడ్ సిబెట్ అనే ఆయన దాన్ని ఒక వృత్తిగా నిలబెట్టిన వాళ్ళలో ముఖ్యుడు, 1977లో ది గ్రోవ్ అనే కన్సల్టింగ్ సంస్థ పెట్టాడు. మన తరానికి మాత్రం ఇది యూట్యూబ్ ద్వారా వచ్చింది. ఆర్‌ఎస్‌ఏ యానిమేట్ వీడియోలు గుర్తున్నాయా? తెల్ల బోర్డు, ఒక చెయ్యి, టకటకా బొమ్మలు. కెన్ రాబిన్సన్ చదువుల గురించి మాట్లాడిన వీడియో 2010లో వచ్చింది, బీటెక్‌లో మా హాస్టల్ మొత్తం చూసింది.

అది లైవ్ కాదు బాస్. చాలామందికి ఇది తెలియదు. రాబిన్సన్ ఆ ప్రసంగం 2008లోనే ఇచ్చాడు. తర్వాత దాన్ని 11 నిమిషాల పైచిలుకుకి ఎడిట్ చేసి, ఆ ఆడియో పెట్టుకుని ఆండ్రూ పార్క్ అనే ఆర్టిస్టు బొమ్మలు గీశాడు. గీసిన వీడియోని స్పీడ్ పెంచి అతికించారు. అంటే ఏ వాక్యం ఎక్కడ ముగుస్తుందో ఆయనకి ముందే తెలుసు. అది చూసి లైవ్‌లో కూడా అంత క్లీన్‌గా వస్తుందని నాలాంటోడు ఆశపడతాడు. లైవ్ వేరే ఆట.

మన దగ్గర మాటా బొమ్మా కలవడం కొత్తేం కాదు. చేర్యాల పటాలు మీరు వినే ఉంటారు, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది ఆ ఊరు. నకాషీ చిత్రకారులు ఖద్దరు బట్టకి గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి బ్యాక్‌గ్రౌండ్ మీద కథ మొత్తం వరసగా గళ్ళు గళ్ళుగా గీస్తారు. ఆ పటాన్ని వేలాడదీసి, ఒక్కో గడి విప్పుకుంటూ, కర్రతో చూపిస్తూ కథ చెప్పేవాళ్ళు వేరే ఉంటారు. ఒక్కో కులానికి ఒక్కో కథకుల బృందం. ముదిరాజులకి కాకిపడగల వాళ్ళు, పద్మశాలీలకి కూనపులి వాళ్ళు, మాదిగలకి డక్కలి వాళ్ళు. రాత్రుల తరబడి కథ నడుస్తుంది.

ఇందులో నేను గమనించింది ఒకటుంది. గీసేవాడు వేరు, చెప్పేవాడు వేరు, కానీ ఇద్దరికీ కథ ముందే తెలుసు. పటం గీయించుకునేదే కథకులు. ఏ గడిలో ఏముండాలో వాళ్ళు చెప్తారు, నకాషీ గీస్తాడు, వాళ్ళు చూసి తీసుకుపోతారు. అంటే రివ్యూ అయిపోయాకే జనం ముందుకు వస్తుంది. మేం చేసిన మీటింగులో ఆ ఒక్క మెట్టు లేదు. చెల్లెకీ ఓవర్‌మెన్ సార్‌కీ పరిచయం చేసింది కూడా మైకు ఆన్ అయ్యాకే.

మరి ఫోన్లో వీడియో తీయొచ్చు కదా, బొమ్మెందుకు అని మీరు అడగొచ్చు. అమెరికాలో కోర్టు స్కెచ్‌లు వస్తాయి చూడండి, అక్కడ కారణం వేరు. 1935లో లిండ్‌బర్గ్ పిల్లాడి కిడ్నాప్ కేసు విచారణలో ప్రెస్ ఫోటోగ్రాఫర్ల గోల చూసి, 1937లో అక్కడి లాయర్ల సంఘం కోర్టుల్లో కెమెరాలు వద్దని నియమం పెట్టింది. అందుకని కెమెరా బదులు ఆర్టిస్టు. మన మీటింగులో కెమెరాలు బొచ్చెడు. అయినా బొమ్మ కావాలి, ఎందుకంటే కెమెరా అన్నీ పట్టుకుంటుంది, ఆర్టిస్టు వదిలేస్తుంది. 20 నిమిషాల మాటలో ఎనిమిది ముక్కలు మిగిల్చి మిగతాది వదిలేయడమే ఆ పని. అందుకే నేను చెవి అన్నది. మంచి బొమ్మ గీసేవాళ్ళు దొరుకుతారు. విని, ఏది వదిలేయాలో తేల్చుకుని, గీసేటప్పుడే తర్వాతి మాట కూడా వినేవాళ్ళు తక్కువ. సాఫ్ట్‌వేర్‌లో బఫర్ అంటాం కదా, అట్లా వెనకబడ్డ మాటలు ఎక్కడో దాచుకోవాలి. అనుభవం ఉన్నవాళ్ళు చిన్న స్టిక్కీ నోట్ మీద ఒక్క ముక్క రాసి బోర్డుకి అంటించి, స్పీకర్ గ్యాప్ ఇచ్చినప్పుడు ఆ బొమ్మ పూర్తి చేస్తారు.

గుర్తుండటం గురించి కూడా ఒక మాట, ఎందుకంటే దీని మీద ఇన్‌స్టాలో ఏదేదో తిరుగుతుంది. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీ వాళ్ళు 2016లో ఒక స్టడీ ప్రచురించారు. కొందరికి మాటలు ఇచ్చి, కొన్నిటిని రాయమన్నారు, కొన్నిటిని బొమ్మగా గీయమన్నారు, ఒక్కో మాటకి 40 సెకన్లు. తర్వాత అడిగితే గీసిన మాటలు రాసిన వాటికంటే చాలా ఎక్కువ గుర్తున్నాయి, ఎక్కువసార్లు రెట్టింపుకి పైనే. బొమ్మలు రానివాళ్ళకి కూడా. భలే ఉంది కదా? కానీ గమనించండి, గుర్తున్నది గీసినవాళ్ళకి. బొమ్మను ఊరికే చూసినవాళ్ళకి అంత లాభం లేదు. అంటే స్టేజీ మీద ఆర్టిస్టు గీస్తుంటే అందరికన్నా ఎక్కువ నేర్చుకునేది ఆ ఆర్టిస్టే! మా చెల్లెకి ఇప్పుడు గని కప్పు గురించి నాకంటే ఎక్కువ తెలుసు. అందుకే రెండోసారి చేసినప్పుడు కుర్చీకొక తెల్ల కాగితం, పెన్సిలు పెట్టాం. సగం మంది గీయలేదు. ఒక పిల్లాడు ఓవర్‌మెన్ సార్ మీసాలు మాత్రమే గీశాడు. పర్లేదు.

ఇక మీరు చేయాలంటే ఏం చూసుకోవాలి. బోర్డు స్పీకర్ వెనక పెట్టకండి, పక్కన పెట్టండి, తల తిప్పితే స్పీకర్‌కి కనపడాలి. జనం వైపు కొంచెం ఏటవాలుగా తిప్పి ఉండాలి. ఆర్టిస్టు కుడిచేతి వాటమైతే బోర్డు స్టేజీకి ఏ పక్కన పెడితే ఆమె ఒళ్ళు బొమ్మకి అడ్డం రాదో ముందే నిలబెట్టి చూడండి. మేం ఫోమ్ బోర్డు వాడాం, ఫోటోస్టాట్ షాపుల్లో దొరుకుతుంది. నున్నటి వైట్‌బోర్డు వద్దు, లైటు పడితే ఫోటోలో తెల్ల మచ్చ తప్ప ఏం రాదు, పైగా చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. మార్కర్లు వెడల్పు మొనవి తీసుకోండి. నల్లవి కనీసం మూడు (అనుభవంతో చెప్తున్నా), ఒక బూడిద రంగు నీడకి, ఒక ఎర్రది. ఎర్రది "వద్దు"కి తప్ప ఇంక దేనికీ వాడకూడదు అని ముందే ఒప్పందం చేసుకోండి. హాలు పెద్దదైతే వెనక వాళ్ళకి బోర్డు కనపడదు, అప్పుడు ఒక ఫోన్‌ని స్టాండుకి బిగించి బోర్డు వైపు పెట్టి ప్రొజెక్టర్‌కి కలపండి. ట్యాబ్ మీద గీయించొచ్చు కూడా, తప్పు పడితే చెరపడం ఈజీ. కానీ కరెంటు పోతే మొత్తం పోయినట్టే, మనకి ఆ భయం ఎప్పుడూ ఉన్నదే. పైగా బోర్డు అయితే మీటింగ్ అయ్యాక జనం చుట్టూ చేరి వేలు పెట్టి మాట్లాడుకుంటారు. ట్యాబ్ దగ్గర అట్లా చేరరు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ముందురోజు అరగంట. స్పీకర్, ఆర్టిస్టు కలిసి కూర్చోవాలి. ఉపన్యాసం మొత్తం అక్కర్లేదు. ఏ వస్తువులు వస్తాయి, అవి ఎట్లుంటాయి, ఎక్కడ తప్పు గీస్తే ప్రమాదం, అంతే. రెండోసారి మేం ఇదే చేశాం. ఓవర్‌మెన్ సార్ ఇంట్లో, ఛాయ్ తాగుతూ. సార్ చీపురు పుల్లలతో సపోర్టులు నిలబెట్టి చూపించారు, పైన అట్టముక్క కప్పు. చెల్లె ప్రాక్టీసు బొమ్మలు గీసింది. గడ్డపార ఎంత పొడుగో, హెల్మెట్ ల్యాంపు వైరు బ్యాటరీకి ఎటు నుంచి పోతుందో, బెల్టుకి ఏం తగిలించుకుంటారో, అన్నీ అడిగి రాసుకుంది. అప్పుడే సార్‌కి నేను ఒక రిక్వెస్ట్ చేశా, "సార్, వద్దు అనే మాట ముందు పెట్టి చెప్పండి" అని. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "మేం సర్దార్లకు అట్లనే చెప్పేటోళ్ళం. వద్దురా! అని మొదలు కేకేసి, తర్వాత సంగతి చెప్పేటోళ్ళం. మైకు చూసి పుస్తకం భాష వచ్చింది" అన్నారు. చూశారా, బాయిల పనికొచ్చే తెలుగు వేరే ఉంది, మైకు దాన్ని చెడగొట్టింది.

ఇంకో మాట మీద నాకూ చెల్లెకీ వాదన జరిగింది. ఆమె ఏమంటుందంటే, తప్పు బొమ్మ, దాని మీద ఎర్ర కొట్టేత, పక్కన సరైన బొమ్మ, ఇట్లా జంటగా ఉంటేనే అర్థమవుతుందట. పోస్టర్లన్నీ అట్లనే ఉంటాయి, నిజమే. నేను వద్దన్నా. పోస్టరు గోడ మీద ఉంటుంది, రెండూ కలిసే కనపడతాయి. ఫోన్లో ఎవడో ఒక మూల క్రాప్ చేస్తాడు. ప్రాణం మీదికొచ్చే విషయాల్లో తప్పు బొమ్మ అసలు గీయొద్దు, సరైనదొకటే గీయాలి, ఇది నా అభిప్రాయం. చివరికి మధ్యలో కలిశాం. తప్పు గీయాల్సి వస్తే ముందు ఎర్ర గీత పడాలి, దాని మీదే మనిషిని గీయాలి. గీత లేకుండా ఆ మనిషి బోర్డు మీద ఒక్క సెకను కూడా ఉండకూడదు. ఇంకా, స్పీకర్ చూసి సరే అని బోర్డు మూలన సంతకం పెట్టేదాకా ఫోటోలు వద్దని మొదట్లోనే మైకులో చెప్పాం. జనం విన్నారు. అందరూ కాదు కానీ, విన్నారు.

డబ్బుల సంగతి. ఆర్టిస్టుకి డబ్బులివ్వండి. "నీకు పబ్లిసిటీ వస్తది" అని చెప్పి ఫ్రీగా చేయించుకునే తెలివి మనలో చాలామందికి ఉంది, మొదటిసారి నేనూ అదే చేశా, ఒప్పుకుంటున్నా. అద్దె మైకుకి ఇచ్చాం, కుర్చీలకి ఇచ్చాం, రెండు గంటలు నిలబడి గీసిన మనిషికి మాత్రం శాలువా కప్పాం. రెండోసారి మైకుకి ఎంత ఇచ్చామో అంతకంటే ఎక్కువ ఇచ్చాం. బోర్డు మీద ఆమె పేరు ఆమెనే రాసుకుంది. ఫోటోలు ఎక్కడ వాడతామో కూడా ముందే చెప్పాం.

ఒక తమ్ముడు నన్ను మంచి ప్రశ్న అడిగాడు. "అన్నా, గని విస్తరణకి ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు కదా, అక్కడ ఇట్లా గీయొచ్చా?" మన బెల్టులో ఇది అందరికీ సంబంధించిన విషయం కాబట్టి చెప్తా. ఆ సభలు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం జరుగుతాయి. కలెక్టర్ గానీ ఆయన తరఫు అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. మొత్తం వీడియో తీస్తారు. చివర్లో జనం ఏమేం అన్నారో సారాంశం రాసి, స్థానిక భాషలో వివరిస్తూ చదివి వినిపించాలి, అదే రోజు సంతకం కావాలి. రికార్డు అంటే అది. మనం గీసే బోర్డుకి అక్కడ లెక్క లేదు, దాన్ని రికార్డు అనుకుని నమ్ముకోవద్దు. కానీ సభకి వారం ముందు ఊర్లో కూర్చుని మాట్లాడుకుంటారు చూడండి, అక్కడ మాత్రం బోర్డు బాగా పనికొస్తుంది. ఓసీ అంచు ఎక్కడిదాకా వస్తుంది, మట్టికుప్ప ఎటు, మన బోరు ఎటు, బడి ఎటు, లారీల రోడ్డు ఎటు. ఒక్కొక్కరు చెప్తుంటే గీస్తూ పోతే, "మా ఇల్లు గీయలేదేంది" అని ఒక అవ్వ లేచి అడుగుతుంది. అట్లా అడిగిన మాటే తర్వాత సభలో మైకులో చెప్పే మాట అవుతుంది. చెప్పాక, చివర్లో చదివే సారాంశంలో తన మాట ఉందో లేదో చెవి పెట్టి వినాలి. లేకపోతే అక్కడే లేచి అడగాలి.

మళ్ళీ మొదటి ఫోటో దగ్గరికి వస్తా. రెండు నెలల తర్వాత ఒక పొద్దున మా చుట్టాల గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. చుట్టూ పూలు, పైన "శుభోదయం", కింద "బొగ్గు కార్మికులకు వందనం". మధ్యలో మా బొమ్మ. గీత కొట్టకముందుది, నా స్టేటస్ నుంచి తీసుకున్నది. ఎవరో మంచి మనసుతోనే చేశారు. బాపుకి చూపించా. కళ్ళజోడు పెట్టుకుని చూసి, "వీడు కొత్తోడా?" అన్నాడు. అంతే అన్నాడు.

అదే రోజు గ్రూపులో సరైన బోర్డు ఫోటో పెట్టి సంగతి రాశా. పది మంది దండం ఎమోజీ పెట్టారు. ఎంతమంది చదివారో తెలియదు.

కాబట్టి ఒక రిక్వెస్ట్. పూల మధ్య గడ్డపార పట్టుకున్న ఆ బొమ్మ మీ ఫోన్లో ఉందేమో గ్యాలరీలో ఒకసారి చూడండి. ఉంటే తీసేయండి, ఏ గ్రూపులో వచ్చిందో ఆ గ్రూపులో ఈ రెండో ఫోటో పెట్టండి. ఇప్పుడు స్క్రీన్ మీద ఉన్నది, కింది మూలన ఓవర్‌మెన్ సార్ సంతకం ఉన్నది. సపోర్టు కింద నిలబడ్డ మనిషి, పొడుగు గడ్డపార. ఫుల్ సైజు కింద లింకులో ఉంది. వచ్చే ఎపిసోడ్‌లో చెల్లె వస్తుంది, మార్కర్ పట్టుకునే తీరు నుంచి చూపిస్తానంది. ఒక నల్ల మార్కర్, పాత క్యాలెండర్ వెనక భాగం రెడీ పెట్టుకోండి. కలుద్దాం.